మలుపులో పడి ఉన్న నిమ్మకాయ

సైకిలు తొక్కినందుకు జీతం తీసుకున్నానని చెబితే ఇప్పటికీ నమ్మని బంధువులున్నారు నాకు. "అది సరే, ఉద్యోగం ఏం చేసేవాడివి?" అని అడుగుతారు. సైకిలు తొక్కడమే ఉద్యోగం. మోకాళ్ళు మొరాయించాక ఇతరుల చేత తొక్కించడం ఉద్యోగం. సికింద్రాబాద్‌లో మా డిపార్ట్‌మెంటుకు ఒక సైక్లింగ్ జట్టు ఉండేది. ఆటగాళ్ళ కోటాలో మనిషిని తీసుకుని, కాగితం మీద గుమస్తా అని రాసుకుని, రోడ్డు మీదికి వదిలేవారు. ఆ జట్టుకు చాలాకాలం కోచ్‌గా ఉండి ఈమధ్యే రిటైరయ్యాను.

ఇప్పుడు ఈ ఆటలోకి వస్తున్న పిల్లలు అదృష్టవంతులు. గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పడానికి చేతికి గడియారం ఉంది. కాలు ఎంత బలంగా తొక్కుతోందో చెప్పడానికి పెడల్‌లోనే యంత్రం ఉంది. మనసు గట్టిపడటానికి వేరే కోచ్ ఉన్నాడట, ఫోనులో మాట్లాడతాడట. మా జట్టుకు ఆ కోచ్ కూడా నేనే. అందుకు నా దగ్గరున్న చదువల్లా గురువుగారి సత్సంగంలో చాప మీద కూర్చుని విన్న పురాణం, శనివారం భజన. పొద్దున పారాయణం కానిదే నేను సైకిలు ముట్టను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు దురదృష్టం గురించి రాయబోతున్నాను. అది నమ్మకం లేనివాడి వెటకారం అనుకోకండి.

మా జట్టులో కాప్రా నుంచి వచ్చే అతను ఒకడుండేవాడు. పేరు వద్దు, మావాడు అందాం. కాళ్ళు చూస్తే ఎద్దు కాళ్ళు. మనసు చూస్తే కోడిపిల్ల. ఎదురుగాలిలో మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కితే అతను ముందుండి గాలిని చీల్చుకుంటూ పోయేవాడు. అలాంటివాడికి ఒక్క పతకం లేదు. ఎందుకు లేదో వింటే మీరు నవ్వుతారు. మేమూ నవ్వేవాళ్ళం, అతను లేనప్పుడు.

ఒక పోటీలో అందరినీ వదిలేసి ఒంటరిగా ముందుకు వెళ్ళిపోయాడు. వెనకవాళ్ళు కనుచూపు మేరలో లేరు. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. అది ఎలా పోతుందో మీకు తెలుసు. చివరి పెట్టె దాటేసరికి వెనకవాళ్ళంతా తాపీగా వచ్చి అతని పక్కన నిలబడి నీళ్ళు తాగుతున్నారు. ఇంకోసారి దారి చూపించే పోలీసు మోటారు సైకిలు వెంట పోయాడు. ఆ పోలీసాయన తన హద్దు అయిపోయిందని ఇరానీ హోటలున్న సందులోకి తిరిగాడు. మావాడూ తిరిగాడు. హోటలు ముందు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వచ్చినవు గదా తమ్మీ, చాయ్ తాగి పో" అన్నాడట ఆయన.

ఇవి ఎప్పుడో ఒకసారి జరిగే వింతలు. పంచరు మాత్రం ప్రతి పోటీకీ పడేది. పోటీ సైకిలు టైరు బొటనవేలంత సన్నం. పంచరు పడితే చెయ్యెత్తాలి, వెనక జీపులో ఉన్న మేం వచ్చి చక్రం మార్చాలి, ముందు పోయినవాళ్ళను తరిమి అందుకోవాలి. పోటీల్లో ఇది మామూలే. మావాడి చిక్కు పంచరు తర్వాత మొదలయ్యేది. సైకిలు పక్కన పడేసి, హెల్మెట్ తీసి, డివైడరు మీద కూర్చునేవాడు. మేం చక్రం పట్టుకుని పరుగెత్తుకొస్తే చెయ్యి అడ్డం ఊపేవాడు.

"వద్దు సార్. అయిపోయింది. నా నసీబే గింత."

జట్టులో అతని పేరే పంచర్ అయిపోయింది.

"ఏయ్ పంచర్, నా పక్కన తొక్కకు భయ్. అంటుకుంటది."

"అంటుకోనీ. ఒక్కణ్ణే కూసుంటున్న డివైడర్ మీద, నువ్వు సుత వస్తే ముచ్చట పెట్టుకుందం."

అలా జవాబిచ్చేవాడే కానీ, ఆ పేరు పడ్డప్పటి నుంచి ఎవరి పక్కనా తొక్కడం మానేశాడు.

అతని తల్లి మోండా మార్కెట్‌లో నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు అమ్మేది. శుక్రవారం అంతా కూర్చుని దిష్టి దండలు గుచ్చేది. ఇనుప తీగకు అడుగున బొగ్గుముక్క, మీద నిమ్మకాయ, ఆపైన మిరపకాయలు. శనివారం పొద్దున చుట్టుపక్కల దుకాణాల వాళ్ళు, ఆటోల వాళ్ళు పాత దండ తెంపి రోడ్డు మీద పడేసి ఆమె దగ్గర కొన్న కొత్తది కట్టుకునేవారు. కొడుక్కి ఇన్ని కష్టాలు వస్తుంటే తల్లి ఊరుకుంటుందా? అన్నిటికంటే పెద్ద నిమ్మకాయ ఏరి, దండ గుచ్చి, సైకిలు సీటు కింద కట్టి పంపింది. పోటీ మొదలయ్యే గీత దగ్గర అధికారి అది చూసి, సైకిలుకు ఏదీ వేలాడకూడదని కత్తిరించి చేతిలో పెట్టాడు. మావాడి మొహం చూడాలి. ఆ రోజు పంచరు పడలేదు. పడుతుందని ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ అందరికంటే చివర వచ్చాడు.

మా క్రీడా విభాగానికి పెద్దసారు ఒకాయన ఉండేవారు. కోస్తా మనిషి, మర్యాదగా కోసేవారు. ఒకరోజు పిలిచి కాఫీ ఇప్పించారు. ఆయన కాఫీ ఇప్పించారంటే ఏదో కోత ఉందన్నమాటే.

"ఏవండీ మాస్టారూ, మీ పంచరు గారి సంగతేం చేద్దామంటారు?"

"మంచి బలమున్నవాడండీ."

"బలం బస్తాలు మోసేవాడికీ ఉంటుందండీ. మరేం లేదు, నెలన్నరలో ఆలిండియా డిపార్ట్‌మెంట్ల పోటీ మన ఊళ్ళోనే కదా. అందులో పతకం తెస్తే ఉంటాడు. లేకపోతే స్టోర్స్ సెక్షన్‌కి పంపేద్దాం. పాపం, అక్కడ ఫ్యాను కూడా ఉంది."

మీకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఉద్యోగం పోదు, జీతం పోదు. కానీ మా వృత్తిలో జట్టు నుంచి స్టోర్స్‌కు పోయినవాడు మళ్ళీ సైకిలెక్కడం నేను చూడలేదు. ఆరు నెలల్లో పొట్ట వస్తుంది, ఏడాదికి స్కూటరు వస్తుంది. నేను ఆ మాట మావాడికి చెప్పినప్పుడు అతను తలవంచుకుని గొలుసుకు నూనె వేస్తున్నాడు.

"స్టోర్స్‌ల ఏం జేస్తరు సార్?"

"వచ్చినవి లోపల పెడతారు. అడిగినవి బయటకి ఇస్తారు."

"పంచర్ పడదన్నట్టు."

"పడదు."

"నాకు తొక్కుడే వస్తది సార్," అన్నాడు. నూనె గొలుసు దాటి నేల మీద పడుతోంది, అతను చూసుకోవడం లేదు.

ఆ వారం గుడిలో నేను చేసిన ప్రదక్షిణలకు వేరే కోచ్ అయితే భత్యం అడిగేవాడు. స్వామీ, వీడికి పతకం ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆ డివైడరు మీద నుంచి లేపు అని మొక్కుకున్నాను. స్వామి జవాబు మా మెకానిక్ ద్వారా పంపాడు. ఆయన పద్ధతులు ఆయనవి.

మా మెకానిక్‌ది బన్సీలాల్‌పేట్. నా ఈడువాడే. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆదివారం సాధనలో మావాడికి మామూలుగానే పంచరు పడింది. ఉస్తాద్ టైరు విప్పి పట్టకారుతో ఏదో లాగి, నన్ను పిలిచాడు.

"సార్, జెర గిటు రా. చెయ్యి వట్టు."

అరచేతిలో చిన్న తీగముక్క పెట్టాడు. దానికి ఎండిపోయిన మిరపకాయ తొడిమె ఇంకా అంటుకుని ఉంది.

"ఏందిది?"

"మనోని మీద ఉన్న శని. పైలం, కుచ్చుకుంటది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. శనివారం దండలు తెంపి రోడ్డు మీద పడేస్తారు. మా పోటీలు, పెద్ద సాధనలు ఎప్పుడూ ఆదివారం పొద్దునే. నిమ్మకాయ బండ్ల కింద నలిగిపోతుంది, తీగ మాత్రం మిగులుతుంది.

"మరి అందరూ అదే రోడ్డు మీద తొక్కుతున్నారు కదా ఉస్తాద్. వీడికే ఎందుకు?"

"గీడు రోడ్డు మీద ఏడ తొక్కుతుండు సార్? మోరీ పక్కకు తొక్కుతుండు. పడేసినయన్ని గాడికే కొట్టుకపోతయి."

నిజమే. అందరూ పంచర్ పంచర్ అంటుంటే, తన దరిద్రం ఇంకొకడికి అంటకూడదని అతను గుంపు వదిలి రోడ్డు అంచుకు జరిగాడు. అంచుకు జరిగాక పంచర్లు ఎక్కువయ్యాయి. ఎక్కువయ్యేకొద్దీ ఇంకా అంచుకు జరిగాడు. రోజూ జీపులోంచి చూస్తూనే ఉన్నాం, ఎవరికీ తట్టలేదు.

ఉస్తాద్ తీగ కొనను గోటితో చూపించాడు. అక్కడ చెవిపోగులా చిన్న మెలిక ఉంది.

"గీ మెలిక మోండాల ఒక్కతే పెడ్తది. ఎవరో చెప్పాల్నా?"

చెప్పనక్కరలేదు. ఆ మెలిక సీటు కింద కట్టిన దండకు కూడా ఉంది.

ఇప్పుడు మావాడికి చెప్పాలా వద్దా? కన్నతల్లి చేతి తీగే నీ టైరులో దిగుతోందని పోటీకి ముందు చెబితే ఉన్న కాస్త ధైర్యమూ పోవచ్చు. చెప్పకపోతే ఆకాశంలో గ్రహం తనను వెతుక్కుంటూ వస్తోందనే అనుకుంటాడు. మా గురువుగారు ఒక మాట అనేవారు: భయమూ భక్తీ ఒకే గుడికి వస్తాయి, కానీ భయం చెప్పుల మీద ఒక కన్నేసి ఉంచుతుంది. మావాడిది అచ్చంగా చెప్పుల మీద కన్ను. చెప్పేశాను.

అతను తీగముక్కను వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. మెలిక దగ్గర ఆగాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అని ఉస్తాద్ దగ్గరికి పోబోయాడు. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి మళ్ళీ డివైడరు మీదే కూలబడ్డాడు.

"అంటే నా మీద శని లేదు సార్. మా అమ్మ ఉన్నది."

"మీ అమ్మతో నేను మాట్లాడతాను."

నవ్వు ఆపేశాడు. "పంచర్ల ముచ్చట ఆమెకు చెప్పకుండ్రి సార్. అన్నం తినదు. ఇంకేదన్న చెప్పుండ్రి."

అలా నేను మోండా మార్కెట్‌కు ఒక నిమ్మకాయల గంప దగ్గరికి శాస్త్రచర్చకు వెళ్ళాను. అసలు కారణం చెప్పకుండా, ఇనుప తీగ మానేసి దారంతో దండలు గుచ్చమని ఒప్పించాలి. సత్సంగంలో పెద్దపెద్ద పండితుల ముందు మాట్లాడినప్పుడు కూడా నాకు అంత చెమట పట్టలేదు.

"ఇనుము లేకపోతే దిష్టి ఆగుతదా సారూ? మా అత్త చెప్పింది, ఆమె అత్త చెప్పింది."

"దారానికి శక్తి లేదంటావా అమ్మా?"

"దారం తెగుతది. తీగ తెగదు."

"మరి తాళి దేనికి గుచ్చి కట్టించుకున్నవు? ఇనుప తీగకా, పసుపు దారానికా?"

ఆమె చేతిలో మిరపకాయ ఆగింది. వాదం గెలిచాననుకున్నాను. ఆమె మెల్లగా తల తిప్పి, వెనక గోనెసంచుల మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న భర్తను చూసింది.

"గా దారం గట్టుకున్నందుకే గదా సారూ, గీయనను గిన్నేండ్ల సంది మోస్తున్న."

పక్క గంపల వాళ్ళు పగలబడి నవ్వారు. నిమ్మకాయలు కొనుక్కుని లేవబోతుంటే ఆమే మళ్ళీ అంది.

"తెగలేదు గని. నిజమే. గట్టిదే."

"ఏది?"

"దారం. మీరు సదువుకున్నోళ్ళు, భజన చేసేటోళ్ళు. మా వానికి మంచిదేనా సారూ గట్ల చేస్తే?"

"మీవానికే మంచిదమ్మా," అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో పూర్తి నిజం అదొక్కటే.

ఆ శుక్రవారం నుంచి ఆమె దండలు దారానికి ఎక్కాయి. సన్నటి దారం కాదు. మంచం నులకంత లావు పురికొస, పసుపులో ముంచి ఆరబెట్టినది. ఇనుము తక్కువైంది కాబట్టి పసుపు ఎక్కువ పెట్టింది. కొనేవాళ్ళు అడిగితే, "భజన సారు చెప్పిండు, శాస్త్రంల గట్లనే ఉన్నది" అనేదట. ఏ శాస్త్రమని ఎవరైనా నన్ను అడుగుతారేమోనని కొన్నాళ్ళు ఆ వైపు వెళ్ళలేదు.

పోటీ రోజు వచ్చింది. పరేడ్ గ్రౌండ్ దగ్గర మొదలు, తిరుమలగిరి, అల్వాల్ మీదుగా శామీర్‌పేట దాటి వెళ్ళి, తిరిగి అక్కడికే రావాలి. జీపులో డ్రైవరు, నేను, ఉస్తాద్. ముందు సీట్లో పెద్దసారు. తన కళ్ళతో చూస్తానని ఎక్కారు.

మావాడు ఆ రోజు రోడ్డు మధ్యలో తొక్కాడు. "ఏయ్ పంచర్, పక్కకు పో" అని ఎవరో అన్నారు. పోలేదు.

శామీర్‌పేట దాటి వెనక్కి తిరిగాక అతని చెయ్యి లేచింది. పంచరు.

"ఆహా," అన్నారు పెద్దసారు. "స్టోర్స్‌లో ఇవాళే చెప్పమంటారా?"

జీపు ఆగకముందే ఉస్తాద్ చక్రంతో దూకాడు. నేను డివైడరు వైపు చూశాను. అలవాటు కొద్దీ. మావాడు దాని మీద లేడు. సైకిలు పట్టుకుని నిలబడి, చక్రం విప్పి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"జల్ది ఉస్తాద్. గిది అమ్మది కాదు, సీసపెంకు."

అంతే. ఎక్కాడు, పోయాడు. అల్వాల్ దగ్గరికి వచ్చేసరికి గుంపును పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడని అడగకండి. నేను కళ్ళు మూసుకుని నామం చెప్పుకుంటున్నాను. ఉస్తాద్ మధ్యమధ్యలో నా మోకాలు గిల్లి "సార్, కండ్లు తెరువు" అంటున్నాడు.

అప్పటికి ఒకతను అందరినీ వదిలి ముందుకు వెళ్ళిపోయాడు, బంగారం అతనిదే. అతని వెనక ఏడుగురి గుంపు, అందులో మావాడు. మిగిలిన రెండు పతకాల కోసం ఏడుగురు. మావాడి దగ్గర చివరి దౌడుకు వేగం తక్కువని అందరికీ తెలుసు. మామూలుగా పోతే ఓడిపోతాడు. మా జీపు వాళ్ళ వెనకే ఉంది. గమ్యానికి ముందు చివరి మలుపు. ఎడమకు తిరగాలి. ఎవరు లోపలి అంచున తిరిగితే వాళ్ళకు దారి దగ్గర.

ఆ లోపలి అంచున, సరిగ్గా మలుపులో, ఒక దిష్టి దండ పడి ఉంది.

పోటీ అని రోడ్డు ఊడ్చారు. కానీ మూల మీది దుకాణదారు నిన్న మార్చడం మరిచిపోయినట్టున్నాడు. పొద్దున్నే పాతది తెంపి విసిరేశాడు. ఆ ఏడుగురిలో నాలుగు రాష్ట్రాల వాళ్ళున్నారు. భాషలు వేరు, తిండి వేరు. నిమ్మకాయ దగ్గర మాత్రం అందరిదీ ఒకటే ఆచారం. దిష్టి తీసి పడేసింది తొక్కకూడదు, దాటకూడదు. ఎవరూ ఆలోచించలేదు. ఆరు సైకిళ్ళు ఒక్కసారిగా, ఎవరో తోసినట్టు, కుడివైపుకు ఒరిగి మలుపును వెడల్పుగా తీసుకున్నాయి.

ఏడో సైకిలు ఒరగలేదు. తిన్నగా దండ మీదికే పోయింది.

"వద్దురా," అన్నాను నేను, నమ్మేవాణ్ణి కాబట్టి. "తీగ" అన్నాడు ఉస్తాద్, మెకానిక్ కాబట్టి. పెద్దసారు కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నారు. చక్రం నిమ్మకాయను తప్పించి మిరపకాయల మీద నుంచి పోయింది. టైరు పేలలేదు. మలుపు తిరిగేసరికి మావాడు ఆరుగురి కంటే ముందున్నాడు. వాళ్ళు తేరుకుని తరిమారు. చాలలేదు. రెండో స్థానం.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. మేం ఆ మలుపు దగ్గరికి వచ్చినప్పుడు మా జీపు డ్రైవరు కూడా దండను తప్పించి కుడివైపు నుంచే తిప్పాడు.

మావాడు గడ్డి మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పెద్దసారు దిగి వచ్చి, అతని మీదికి వంగారు.

"ఏమయ్యా, అది తొక్కావేం? భయం వెయ్యలేదా?"

"పసుపు తాడు కనవడ్డది సార్. మా అమ్మ దారం. అండ్ల తీగ ఉండదు."

"తీగ సంగతి కాదయ్యా. దిష్టి సంగతి."

అతను ఊపిరి తీసుకున్నాడు. "మా అమ్మ చేతిది నన్నేం జేస్తది సార్?"

చాప మీద అన్నేళ్ళు కూర్చుని నేను నేర్చుకున్నది ఆ ఒక్క మాటలో ఉంది. నేను చెప్పి ఉంటే ఇంకా పొడుగ్గా చెప్పేవాణ్ణి.

స్టోర్స్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఉస్తాద్ సైకిలు తలకిందులుగా నిలబెట్టి ముందు టైరును అరచేత్తో తుడిచాడు. మిరపగింజలు, కాస్త పసుపు. ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. వెంటనే కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

"మిర్చి సార్, మిర్చి," అన్నాడు మేం అడక్కుండానే.

పెద్దసారు కూడా వంగి టైరును వేలితో తడిమి చూశారు, ఏదో తనిఖీ చేస్తున్నట్టు. తర్వాత అటు తిరిగి కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. "అవునండోయ్, బాగా ఘాటుగా ఉంది," అన్నారు.

నేనూ కళ్ళు తుడుచుకున్నాను. టైరు మాత్రం ముట్టుకోలేదు.